తోట గల్లీకి వచ్చిన ఎంక్వయిరీ

షట్టర్ చప్పుడుతో మా తోట గల్లీకి తెల్లవారుతుంది. బాలనర్సింహ తన ఇంటి ముందున్న మల్గి తెరుస్తాడు. అమ్మడానికి లోపల ఏమీ ఉండదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ దుకాణం గది ముందు భాగం పోయింది. మంచం ఒకటి వేస్తే మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత జాగా మిగిలింది. కిరాయికి అడిగినవాళ్లంతా ఒకసారి తొంగిచూసి, మళ్లీ వస్తామని వెళ్లిపోయినవాళ్లే. అయినా ఆయన రోజూ షట్టర్ ఎత్తి, గడప కడిగి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, భుజం మీద తువ్వాల సర్దుకుని కూర్చుంటాడు. కొత్తవాళ్ల కంటికి, వెనకాల ఇంకా నాలుగు మల్గీలున్న మనిషిలా కనిపిస్తాడు.

గల్లీకి ఆ పేరు ఆయన తాతల మామిడితోట వల్ల వచ్చింది. నాచారంలో ఫ్యాక్టరీలు లేచినప్పుడు కొంత, అన్నదమ్ముల పంపకాల్లో కొంత, చివరికి భార్య దవాఖానా ఖర్చులకు మిగతాది పోయింది. ఇప్పుడున్నది రెండు గదుల రేకుల ఇల్లు, ముందు ఈ సగం మల్గి. కొడుకు ఉమాశంకర్ నాచారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో మెషిన్ మీద పని చేస్తాడు. కోడలు ప్రవీణ ఇంటి పట్టునే ఉంటుంది. మనుమరాలు దీప ఇంజనీరింగ్ చదువుతోంది.

అయితే ఆయనకు గల్లీలో ఒక పని ఉండేది. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ కాదనలేదు. ఈ వైపు పాత ఊళ్లలో ఆడపిల్లను చూసుకునే ముందు మగపిల్లవాడి తరఫువాళ్లు ముఖపరిచయం లేని మనిషినొకణ్ణి పంపిస్తారు. అతను ఇంటికి రాడు. గల్లీ మొదట్లో బండి ఆపి, ఎవరైనా పెద్దమనిషి కనిపిస్తే మెల్లగా మాట కలుపుతాడు. ఫలానా వాళ్లు ఎట్లాంటివాళ్లు, ఏమేం ఉన్నాయి, పిల్ల ఎట్లాంటిది. దాన్నే ఎంక్వయిరీ అంటారు. మా గల్లీలో మొదట కనిపించే పెద్దమనిషి బాలనర్సింహే. ఇరవై ఏళ్లుగా ఇక్కడి ఆడపిల్లల పెళ్లిళ్లు ఆ ఎర్ర కుర్చీ ముందు నుంచే దాటుకుని వెళ్లాయి.

"ఆడపిల్ల గురించి అడుగొచ్చినోనికి తక్కువ చేసి చెప్తనా?" అనేవాడు. "వాడు మన పిల్లను అడుగుతుండు. మనం మన గల్లీని నిలబెట్టాలె."

ఆయన పూర్తిగా లేనిది చెప్పేవాడు కాదు. ఉన్నదాన్ని కాస్త లాగేవాడు. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ప్లాటు ఉంటే అది పిల్ల తండ్రిదయ్యేది. ఒక పోర్షన్ కిరాయికిస్తే రెండయ్యేవి. పెళ్లయ్యాక ఎవరూ వచ్చి నిలదీయలేదు. అడిగిన పక్క కూడా తమ వైపు అంతే లాగి చెప్పి ఉంటారని నాకు అనిపించేది.

ఇక దీప చదువు సంగతి. ఆమెకు ఎంట్రన్సులో పదివేల లోపు ర్యాంకు వచ్చింది. బీసీ పిల్లలకు అట్లాంటి ర్యాంకు వస్తే ఫీజు మొత్తం ప్రభుత్వమే కాలేజీకి కడుతుంది. ర్యాంకు ఒక్కటే చాలదు. పట్నంలో ఉండే కుటుంబానికి ఏడాది సంపాదన రెండు లక్షలు దాటకూడదు. మీసేవలో దరఖాస్తు పెడితే, తహసీల్ ఆఫీసు నుంచి మనిషి వచ్చి విచారించి, ఆదాయం సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని పెట్టి ప్రతి ఏడూ స్కాలర్‌షిప్పు రెన్యువల్ చేయించాలి. ఉమాశంకర్ జీతం ఆ గీతకు కిందే ఉంది, అదీ కొద్దిగానే. అందుకే రెండేళ్లుగా అతను ఓవర్‌టైం చెయ్యడం మానేశాడు. సూపర్‌వైజర్ని చేస్తామన్నా, కళ్లు సరిగా కనిపించడం లేదని అబద్ధం చెప్పి తప్పుకున్నాడు. జీతం పెరిగితే నెలకు మూడు నాలుగు వేలు వస్తాయి. ఫీజు పోతే లక్ష దాకా పోతుంది. పైకి ఎక్కడానికి మెట్టు కనిపిస్తున్నా ఎక్కలేని ఇల్లు అది.

ఇదంతా బాలనర్సింహకు తెలియదు. తెలియనివ్వలేదు. దీప చేరిన రోజే ఉమాశంకర్ ఆయనతో, "తెలివికి సర్కారు ఇనాం ఇస్తుంది నాయినా, ఫీజు కట్టే పని లేదు" అన్నాడు. బీదవాళ్లమని కాయితం రాయించుకున్నామంటే ముసలాయన తట్టుకోలేడని ఇంట్లో అందరి భయం. ఆయన ఆ ఇనాం సంగతి గల్లీ అంతా చెప్పుకుని మురిసిపోయాడు. మొదటి సర్టిఫికెట్‌కు విచారణ ఉమాశంకర్ ఆఫీసుకు వెళ్లినప్పుడే జరిగిపోయింది. దాని గడువు తీరింది. మూడో ఏడు రెన్యువల్‌కు కొత్తది కావాల్సి వచ్చింది.

వినాయకుడి పందిళ్లు విప్పిన వారంలో ఒక యువకుడు బండి మీద వచ్చి మల్గి ముందు ఆగాడు. గళ్ల చొక్కా, భుజానికి సంచి. తహసీల్ ఆఫీసులో కొత్తగా చేరినవాడు. పేరు ప్రశాంత్ అని తర్వాత తెలిసింది.

"తాతా, ఉమాశంకర్ వాళ్ల ఇల్లు ఇదేనా?"

"ఇదే. ఏం పని బిడ్డా?"

"ఏం లేదు, దీప అని అమ్మాయి ఉన్నది గదా. ఆమె గురించి జర తెలుసుకుందామని."

బాలనర్సింహ లేచి తువ్వాల దులిపి, లోపలినుంచి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. "కూసో బిడ్డా, కూసో. ఎండలవడి వచ్చినవ్."

"నిలబడే రాసుకుంట తాతా. ఇంట్ల ఎంతమంది?"

"మేం నలుగురం. కొట్లాట లేదు, తాగుడు లేదు. మా ఉమాశంకర్ బీడి గూడ ముట్టడు."

అతను నవ్వాడు. "అది సరే. ఆస్తిపాస్తులు? వచ్చుబడి ఎట్ల?"

"సూస్తున్నవ్ గదా," అని ఆయన చెయ్యి వెనక్కి ఊపాడు, ఆ సగం గదిలోకి. "ఈ మల్గి మాదే. బోడుప్పల్‌ల రెండు పోర్షన్లు కిరాయికున్నయ్. నారపల్లి కాడ ప్లాటుంది. ఈ గల్లీకి తోట గల్లీ అని పేరెట్ల వచ్చిందో ఎవరినన్న అడుగు."

"అన్నీ కలిపి నెలకు ఎంతొస్తది తాతా?"

"ఏ, గది గూడ అడుగుతరా! ఒక యాభై అనుకో. కొడుకు జీతం వేరే."

అతను ఫోనులో ఏదో కొట్టుకుని, కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. "ఒక ఫోటో తీసుకోవాలె. ఇల్లు, మీరు పడేటట్టు."

ఫోటో అడిగేసరికి బాలనర్సింహకు ఇక అనుమానం మిగల్లేదు. తలకు తువ్వాల చుట్టి, షట్టర్ పక్కన నిటారుగా నిలబడ్డాడు. "పిల్ల బంగారం అని చెప్పు ఆళ్లకు," అన్నాడు బండి కదులుతుంటే.

ఆ సాయంత్రం కోడలి ముందు ఆయన మీసం కిందే నవ్వుకున్నాడు. "ప్రవీణా, దీపకు ఏదో మంచిదే తగిలినట్టుంది. సదువుకున్నోడు వచ్చి అడిగిపోయిండు."

"ఎవరిప్పుడు? అది సదువుతుంటే పెండ్లేంది మామా!"

"సదువు అయినంకనే చేద్దాం. అడిగినోన్ని ఎల్లగొడ్తమా?"

పది పదిహేను రోజుల తర్వాత ఉమాశంకర్ ఫోనుకు సర్టిఫికెట్ వచ్చింది. అందులో ఏడాది ఆదాయం ఏడు లక్షల పైన ఉంది. ఉమాశంకర్ డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చాడు. తప్పు పడిందేమో అనుకుంటూనే ఆఫీసుకు వెళ్లాడు. ప్రశాంత్ తన ఫోను తిప్పి చూపించాడు. తలపాగా చుట్టుకుని, షట్టర్ పక్కన నవ్వుతున్న తండ్రి.

ఆ రోజు వాళ్ల ఇంట్లో మాటలు గోడ దాటి మా ఇంటికి వినిపించాయి.

"యాడున్నయ్ నాయినా బోడుప్పల్‌ల పోర్షన్లు? నాక్కూడా చూపియ్, పోయి కిరాయి తెచ్చుకుంట!"

"నేను సంబంధం అనుకున్నరా."

"సంబంధమా! ఆయన ఆఫీసు మనిషి!"

"ఆఫీసోళ్లు వస్తరని నాకెందుకు జెప్పలే? ఇనాం అంటివి గదరా. ఇనాంకు ఆస్తి లెక్కలెందుకు?"

 దానికి జవాబు ప్రవీణ చెప్పింది. "ఇనాం గాదు మామా. లేనోళ్లకిచ్చేది."



రెన్యువల్‌కు గడువు దసరా దాకా. అది దాటితే ఆ ఏటి ఫీజు వాళ్లే కట్టుకోవాలి, కట్టకపోతే పరీక్ష రాయనివ్వరని కాలేజీలో ముందే చెప్పారు. ఉమాశంకర్ మళ్లీ ఆఫీసుకు వెళ్లి బతిమాలాడు. ప్రశాంత్ చెడ్డవాడు కాదు. భూమి రికార్డులో వాళ్ల పేరు లేదని తనే వెతికి చూశాడు. కానీ కిరాయిలకు కాయితం ఉండదు, నోటిమాటే ఆధారం. "ఇంటి పెద్దమనిషి తన నోటితోని చెప్పిండన్నా. ఫైల్‌ల ఫోటోతో సహా ఉన్నది. మార్చాలంటే మళ్లీ వచ్చి, గల్లీల ముగ్గురి ముందు పంచనామా రాయాలె. మొదట చెప్పింది ఎందుకు తప్పో గూడ ఆయనే చెప్పాలె. లేకపోతే మా సారు సంతకం పెట్టడు."

వారం చివర వస్తానన్నాడు.

ఇందులో అంత కష్టమేముంది, గొప్పలకు చెప్పానని ఒప్పుకుంటే పోయేదే కదా అని నేనూ అనుకున్నాను. కనకమహాలక్ష్మి వచ్చి ఏడ్చిన రోజు దాకా.

ఆమెది మా గల్లీలోనే మూడో ఇల్లు. కూతురు అమృతకు పీర్జాదిగూడ సంబంధం ఖాయమైంది. పెళ్లి కార్తీకంలో. పిల్లవాడి మేనమామ ఉమాపతికి మా గల్లీ మూల మీదే హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఎండాకాలంలో ఎంక్వయిరీకి మనిషిని పంపించింది ఆయనే. ఆ మనిషి ఎర్ర కుర్చీ ముందే ఆగాడు. అమృత తండ్రికి నారపల్లిలో సొంత ప్లాటు ఉందని బాలనర్సింహ చెప్పాడు. ప్లాటు ఉన్న మాట నిజమే. నలుగురు అన్నదమ్ములది.

"పెద్దనాయినా, నీ కాళ్లు మొక్కుత," అంది కనకమహాలక్ష్మి మల్గి గడప మీద కూలబడి. "నీ మనుమరాలి సంగతి గొప్పలకు చెప్పిన అంటివనుకో, మా అమృత సంగతి గూడ గొప్పలకే చెప్పిండని ఉమాపతన్న అనుకోడా? లగ్గం పత్రిక రాసుకున్నం. పెండ్లయ్యేదాక ఆగు."

"పెండ్లి కార్తీకంల. నా బిడ్డకు గడువు దసరా," అన్నాడు బాలనర్సింహ.

"మరి నా బిడ్డ?"

ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. తర్వాత రెండు మూడు రోజులు షట్టర్ ఎత్తాడు గానీ కుర్చీ బయట వెయ్యలేదు. లోపల, ఆ ఇరుకు గదిలో, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక మనిషి ఇరవై ఏళ్లు మంచితనంతో కట్టుకున్న గోడలు నాలుగు వైపుల నుంచీ దగ్గరికి జరిగితే అట్లాగే ఉంటుందేమో. నిజం చెపితే కనకమహాలక్ష్మి ఇంట్లో పెళ్లి ఆగుతుంది. చెప్పకపోతే తన ఇంట్లో చదువు ఆగుతుంది. ఏ మాట అన్నా ఎవరో ఒక ఆడపిల్ల మీదే పడుతుంది.

పంచనామా రోజు ప్రశాంత్ వచ్చేసరికి గల్లీలో పది మంది చేరారు. సాక్షులుగా ముగ్గురు కావాలన్నాడు. నన్ను పిలిచాడు. ఎదురింటి ఎలక్ట్రీషియన్ రమేష్‌ని పిలిచాడు. మూడో మనిషి కోసం అటూ ఇటూ చూసి, దుకాణం నుంచి ఏమిటో చూద్దామని వచ్చి నిలబడ్డ ఉమాపతినే రమ్మన్నాడు. కనకమహాలక్ష్మి తన గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తాతా, మీకు బోడుప్పల్‌ల పోర్షన్లు ఉన్నయా?"

"లేవు సారు." మొదటిసారి వచ్చినప్పుడు బిడ్డా అన్నవాడు ఇప్పుడు సారు అన్నాడు.

"నారపల్లి కాడ ప్లాటు?"

"లేదు."

"ఈ మల్గికి కిరాయి?"

"సూస్తున్నవ్ గద సారు. గాలి గూడ కిరాయికి రాదు ఇందుల."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రశాంత్ కలం ఆపాడు. "మరి ఆరోజు ఎందుకు చెప్పిండ్రు?"

బాలనర్సింహ ఉమాపతిని చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ దీపను చూశాడు. తలకున్న తువ్వాల విప్పి చేతిలో నలిపాడు.

"మతి సక్కగ ఉంటలేదు సారు. బోనాల సంది గిట్లనే అయితుంది. ఎప్పుడో మా తాత జమానల ఉన్నవన్నీ ఇప్పుడున్నట్టు అనిపిస్తది. ఏం మాట్లాడ్తనో నాకే ఎరుకుండది."

 బోనాల సంది, అంటే బోనాల నుంచి, అన్న మాటను నేను పట్టుకోవడానికి కొంచెం సేపు పట్టింది. అమృత ఎంక్వయిరీ మామిడికాయల కాలంలో అయింది. బోనాలు ఆషాఢంలో. దీప కోసం ప్రశాంత్ వచ్చింది వినాయకచవితి తర్వాత. ఆయన తన మతిని ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో తెంపుకున్నాడు. అటు చెప్పిన మాట చెక్కుచెదరదు. ఇటు చెప్పిన మాట చెల్లదు.

ప్రశాంత్ ఉమాశంకర్ వైపు తిరిగాడు. "నిజమేనా అన్నా? ఇంటోళ్లు గూడ చెప్పాలె. మీ నాయినకు మతి సక్కగ లేదా?"

ఉమాశంకర్ తండ్రి వైపు చూశాడు. దీప ఒక అడుగు ముందుకు వేసింది. "తాత మంచిగనే—" అనబోయింది. ప్రవీణ ఆమె మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది.

"చెప్పరా," అన్నాడు బాలనర్సింహ కొడుకుతో. "సారుకు ఇంకా పనులుంటయ్."

"అవును సారు," అన్నాడు ఉమాశంకర్ నేల చూస్తూ. "మతి... సక్కగ లేదు."

రమేష్ సంతకం పెట్టాడు. నేను పెట్టాను. ఉమాపతి పెడుతూ, "నేనప్పుడే అనుకున్న, ఈ నడుమ ఒక్కడే కూసుంటుండని. ఎండాకాలం దాక మస్తుగుండె పెద్దమనిషి," అన్నాడు. కనకమహాలక్ష్మి గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది.

"ముందే చెప్తే అయిపోతుండె గదన్నా," అని ప్రశాంత్ కాయితాలు సర్దుకున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి, పని అయితది. ఇది ఫైల్‌ల ఉంటది. వచ్చే ఏడు ఎవరొచ్చినా ఇదే చూస్తరు. ఆయన్ను అడగరు, మిమ్ములనే అడుగుతరు."

గడువుకు ముందే సర్టిఫికెట్ వచ్చింది. దీప రెన్యువల్ అయింది. కార్తీకంలో అమృత పెళ్లి జరిగింది. ఆ పెళ్లిలో బాలనర్సింహను ఇద్దరు చెరో రెక్క పట్టుకుని తీసుకెళ్లి, తప్పిపోకుండా గోడ వారగా కూర్చోబెట్టారు. ఉమాపతి వంగి, ఆయన చెవి దగ్గర ఒక్కొక్క మాట విడగొట్టి అరిచాడు. "తాతా! బువ్వ! తిన్నవా?" ఆయన చెవులు సూది పడినా వింటాయి. అయినా తల ఊపాడు. కనకమహాలక్ష్మి ఆయన విస్తట్లో రెండుసార్లు లడ్డూలు వేసి, గబగబా పక్క వరుసకు వెళ్లిపోయింది.

షట్టర్ ఇప్పటికీ ఎత్తుతాడు. ఒకరోజు రమేష్ చెల్లెలి కోసం ఒకాయన బండి ఆపి, కుర్చీ వైపు నడిచి వచ్చాడు. బాలనర్సింహ లేచాడు, తువ్వాల దులిపాడు. నోట్లో మాట తయారైనట్టు ఆయన దవడ కదలడం మా గేటు దగ్గర్నుంచి నాకు కనిపించింది. అంతలో మూల మీంచి ఉమాపతి కేక. "అన్నా, గాయన్ను అడగకుండ్రి! మతి సక్కగ లేదు. ఇటు రండ్రి, నేను చెప్త." వచ్చినాయన జాలిగా నవ్వి అటు వెళ్లాడు. ఉమాపతి ఏం చెప్పాడో వినపడలేదు. చెప్పడం అయిపోగానే బండి వెనక్కి తిరిగింది. వచ్చినాయన రమేష్ ఇంటి వైపు కూడా చూడలేదు.

బాలనర్సింహ నిలబడే ఉన్నాడు. అది వచ్చిన సంబంధమా, ఆఫీసు విచారణా అన్నది ఆయనకు ఇప్పుడు అక్కర్లేని సంగతి. రెంటికీ ఆయన నోరు మూసే ఉండాలి.

దీప కాలేజీ నుంచి వచ్చి మల్గి గడప మీద ఆయన పక్కన కూర్చుంటుంది. ఒకసారి అంది, "నాలుగో ఏడు అయిపోని తాతా. గల్లీల అందరికీ నేనే చెప్త, నువ్వు మంచిగనే ఉన్నవని."

"నమ్ముతరానే? పిచ్చోని మనుమరాలు అట్లనే అంటది అనుకుంటరు."

"డాక్టర్‌తోని రాయించుకొస్త."

"వద్దు బిడ్డా. మళ్లొక ఎంక్వయిరీ మొదలైతది," అని నవ్వాడు. దీప నవ్వలేదు.

ఈమధ్య ఆయనకు కొత్త అలవాటు ఒకటి వచ్చింది. అందరూ అంటూంటే నిజంగానే పోతుందేమోనని భయమట, తన మతిని తనే పరీక్ష చేసుకుంటాడు. కళ్లు మూసుకుని, తోటలో చెట్లను బావి గట్టు నుంచి మొదలుపెట్టి వరుస తప్పకుండా చెప్పుకుంటాడు. పీచు మామిడి, దాని పక్కన గట్టు మీది నాటుది, పిడుగు పడి సగం కాలింది, పెద్దమ్మ నాటింది. పెదవులు కదులుతుంటాయి, వేలు గాలిలో ఒక్కో చెట్టునీ చూపిస్తుంటుంది. ఒక్కటి కూడా మర్చిపోలేదని నాకు చెప్పాడు.

ఆ దారిన పోయేవాళ్లు అది చూసి, పాపం ముసలాయనకు రోజురోజుకూ ఎక్కువవుతోందని, అడుగు తగ్గించి, గొంతు తగ్గించి వెళ్లిపోతారు.